మా అబ్బ వేట కూర: పోగులు వేసే కాడి నుంచి తునకల పులుసు దాకా

మా పక్క వేట అంటే రెండు అర్థాలు. అడవికి పోయి కొట్టేది ఒక వేట. జాతరకో పెండ్లికో కోసే పొట్టేలు ఇంకో వేట. "రేపు ఎన్ని వేటలు కోస్తాండారు?" అని ఎవరన్నా అడిగితే, బంతికి ఎంతమంది వస్తాండారని అడిగినట్టు లెక్క. మొదటి వేట మా అబ్బతోనే ముగిసింది. అబ్బ అంటే మా నాయనకు నాయన. కానీ ఆయన కోత, ఆయన పంపకం, ఆయన తునకలు (పొడుగ్గా కోసిన మాంసం ముక్కలు) ఎండబెట్టే తీరు రెండో వేటకు అట్లనే సాగుతాండాయి. నేను రాసేది ఆ పద్ధతి.

మాది ఆళ్లగడ్డకూ అహోబిలానికీ నడుమ పల్లె. 2022లో నంద్యాల జిల్లాలోకి పోయినాం గానీ నా నోటికి ఇంకా కర్నూలు జిల్లా అనే వస్తాది. నేను ఆర్టీసీ కండక్టరును. ఆదివారం డ్యూటీ పడకపోతేనే ఈ వంటలన్నీ. టికెట్లు కొట్టే చెయ్యి కాబట్టి కొలతలన్నీ నోటుబుక్కులో రాసిపెట్టుకున్నా. మా అవ్వను అడిగితే "చేతికి వచ్చినంత" అంటాండె. ఆ చెయ్యి ఆమెతోనే పోయింది.

వేట ఎట్ల ఆడాల్నో మాత్రం ఇందులో రాయను. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చినాక కుందేలు, కౌజు, ఉడుము, అడవిపంది, దేన్ని కొట్టినా నేరమే. చట్టం మా ఊరికి రావడానికి కొన్నేండ్లు పట్టింది. ఒక తూరి ఫారెస్టోల్లు చాటింపు వేయించినారు. ఆ రోజు అబ్బ కుందేళ్ల వలను చుట్టి అటక మీద పడేసినాడు. మళ్లీ దించలే. తర్వాత చూస్తే ఎలుకలు కొట్టినాయి. మిగిలిన తాళ్లతో మా నాయన సొరపాదుకు పందిరి కట్టినాడు. ఇప్పుడు కూడా ఎవరో ఒకరు "అక్కా, అడవి కూర తెచ్చినా, నీకైతే బాగా వండటం తెలుసు" అని గుసగుసగా అడుగుతుంటారు. వండను అని చెప్పి పంపిస్తా. కావల్సినోళ్లు ఈ పద్ధతిలో పొట్టేలు మాంసం వండుకోండి. కౌజు రుచే కావాలంటే ఫారాల్లో పెంచిన పిట్టలు అమ్ముతాండారు.

పొట్టేలును చూసుకునేది

అబ్బకు మూడు కట్టుబాట్లు ఉండె. చూలు జీవాన్ని కొట్టకూడదు. నీళ్లు తాగను వచ్చినదాన్ని కొట్టకూడదు. ఉగాది దాటినాక వల ముట్టకూడదు. మూడోది ఇప్పుడు పని లేదు గానీ మొదటి రెండూ సంతలో కూడా పనికొస్తాయి. ఆడ గొర్రెను మేం కోయం. అగ్గువకు వస్తాదని సంతలో గొర్రెను అంటగట్టాలని చూస్తారు, కడుపులో పిల్ల ఉంటే ఆ పాపం ఎవరిది? మగదాన్నే చూడండి. నోరు తెరిచి పండ్లు చూడాల. కింది దవడకు ముందర రెండు పెద్ద పండ్లు వచ్చి ఉంటే ఏడాది దాటిందని గుర్తు. తునకలకు ఆ వయసు సరిపోతాది. మరీ లేతదైతే ఎండినాక పొట్టు మాదిరి తేలిపోతాది. నాలుగు పండ్లు దాటితే పులుసులో ఎంతసేపు ఉడికినా దవడలకు పని.

వెన్ను మీద చెయ్యి పెట్టి నొక్కండి. ఎముక గుచ్చుకుంటే కండ లేదు. అసలు ఎముకే తగలకపోతే కొవ్వు ఎక్కువ. పొట్ట చూసి మోసపోవద్దండి. సంతకు తెచ్చే ముందు ఉప్పు నాకించి కడుపునిండా నీళ్లు తాపుతారు, కాటా మీద రెండు కిలోలు పెరుగుతాది. అందుకే మా నాయన ఒకరోజు ముందే తెచ్చి ఇంటికాడ కట్టేస్తాడు. మరుసటి రోజుకు దాని అసలు పొట్ట కనపడ్తాది. నిలువునా 30 కిలోలు తూగేదానికి 14 కిలోల దాకా మాంసం వస్తాది. ఏడు ఇండ్లకు తలా రెండు కిలోలు.

కోసే ముందు తొట్టి కాడికి తీసకపోయి నీళ్లు చూపిస్తాం. తాగినా సరే, తాగకపోయినా సరే. అది అబ్బ రెండో కట్టుబాటు ఇంటికి వచ్చిన తీరు. కోసేది సాయిబు మామ. మా ఊర్లో ఏ ఇంట్లో వేట కోసినా ఆయనో, ఆయన కొడుకో వచ్చి బిస్మిల్లా చెప్పి కోయాల్సిందే. అబ్బ కాలంలో ఆయన తండ్రి వస్తాండె.

పోగులు

ఇంట్లో పిల్లోల్లకు నేర్పాల్సింది నా లెక్కన ఇక్కడ మొదలవుతాది. కూర వండేది ఎవరైనా నేర్పుతారు. పోగులు వేయడం, అంటే మాంసాన్ని సమానంగా కుప్పలు పోసి పంచడం మాత్రం చూసి నేర్చుకోవాల్సిందే.

వేటలో పది మంది పోతే పది మందికీ పాలు ఉండె. ముందు దెబ్బ ఎవరిదో వానికి తలకాయ. కుక్కను తోలుకొచ్చినోనికి ఒక పాలు, కుక్కకు పేగులు. ఎవరి చేన్లో పడిందో ఆ చేను ఆసామికి ఒక పాలు. ఇంకొకటి, ఊర్లో మొగదిక్కు లేని ఒక ఇంటికి. ఆ ఇల్లు ఏదనేది అబ్బ చెప్తాండె, ఎవరూ ఎదురు చెప్పకపోతాండ్రి. ఇప్పుడు పొట్టేలును ఆరు ఇండ్లోళ్లు డబ్బులేసుకుని కొన్నా ఏడు పోగులు వేస్తాం. ఏడోది లెక్కలో ఉండదు. పోయిన ఏడాది అది కాలు విరిగి మంచాన ఉండే ఒక డ్రైవరు ఇంటికి పోయింది.

తలకాయ, కాళ్లు పోగుల్లో కలపొద్దు. అవి జీవాన్ని చూసి, బేరమాడి, తోలుకొచ్చినోళ్లవి. కిందికి అరిటాకులు పరిచి, ముందు ఎముక ముక్కలు వేసుకుంటా పోండి. ప్రతి పోగుకూ ఒక నల్లి ఎముక పడాల. తర్వాత పక్కటెముకలు. ఆ పైన మెత్తటి కండ. ఆ తర్వాత కార్జెం, గుండె, తిల్లి చిన్న చిన్న ముక్కలు చేసి అన్నిటికీ సమానంగా. బోటి కడిగి, తరిగి పక్కకు. అన్నిటికన్నా చివర కొవ్వు. కొవ్వును ముందే వేస్తే పోగు పెద్దగా కనపడి కన్ను మోసపోతాది, కండ తక్కువ పడ్తాది.

కాటా ఉంది కదా, తూచి ఇచ్చేయొచ్చు కదా అని మా తమ్ముని కొడుకు అడిగినాడు. తూచినామంటే బరువు సమానం అవుతాది గానీ ఒకనికి ఎముకలు, ఒకనికి కండ పోతాయి. ముందు కంటితో వేసి, ఆ తర్వాత కాటాతో సరిచూసుకోండి. యాభై గ్రాములు అటూ ఇటూ ఉన్నా వదిలేయండి. ఎక్కువ సరిచేస్తా పోతే మాంసం ఎండకు నల్లబడ్తాది, ఈగలు ముసురుతాయి.

పోగులు వేసినోడు చివర తీసుకోవాల. ఇది అబ్బ నియమం, ఇంత మంచి నియమం నేను ఇంకెక్కడా చూడలే. వేసేటోనికి తెలుసు, మిగిలిందే తనకని. అందుకే ఏ పోగూ తక్కువ కానీడు. ఎవరిది ఏది అనేది ఒక చిన్నపిల్లోన్ని గోడ వైపు తిప్పి నిలబెట్టి అడగాల. వెనకాల పెద్దోడు ఒక పోగు మీద పుల్ల పెట్టి "ఇది ఎవరిది?" అంటాడు. గోడను చూస్తా ఆ పిల్లోడు ఇంటిపేరు చెప్తాడు. చెప్పినాక మార్పు లేదు. చిన్నప్పుడు ఆ గోడ కాడ నిలబడే పని నాది. ఆడపిల్లను వేటకు రానీకపోయినా గోడ కాడికి రానిచ్చినారు. అప్పట్లో అదొక పెద్ద ఉద్యోగం. పోగులు అయినాక "మా ఇంటికి కార్జెం తక్కువ చెప్పినావు" అని మా చిన్నాయన నా మీద కండ్లెర్రజేస్తాండె. నేను చూడనిదాన్ని ఎట్ల తక్కువ చెప్తా?

పార్వేట తెల్లారి

మేం పెద్ద వేట కోసేది పార్వేట అప్పుడు. బయట జిల్లాలోళ్లకు ఇది కొత్తగా ఉంటాది కాబట్టి చెప్తా. కనుమ రోజు అహోబిలం నుంచి నరసింహస్వామి పల్లకి బయలుదేరుతాది. ఎగువ అహోబిలం జ్వాలా నరసింహుడు, దిగువ అహోబిలం ప్రహ్లాదవరదుడు ఇద్దరూ ఒకే పల్లకిలో. చెంచులక్ష్మితో తన పెండ్లికి రమ్మని స్వామే వేటకు వచ్చినట్టు ఊరూరూ తిరిగి పిలుస్తాడు. నలభై రోజుల పైన తిరుగుతాడు. పల్లకి దించే అరుగును మేం తెలుపు అంటాం. మా ఊరి తెలుపు మీద స్వామి ఉన్నంతసేపు ఇంట్లో నీసు ముట్టం. అల్లుండ్లు, ఆడబిడ్డలు అందరూ వచ్చింటారు, పాయసం, ఓళిగలు, చిత్రాన్నం. పల్లకి పొలిమేర దాటినాక, మరుసటి రోజు వేట.

స్వామిదీ వేటే, మాదీ వేటే అని అబ్బ నవ్వుతాండె. ఆ రోజు కూర బయట మూడు రాళ్ల పొయ్యి మీద మగోళ్లు వండుతారు. అడవి కూరను ఇంటి పొయ్యి మీదికి రానిచ్చేటోళ్లు కాదు. వేట కూరకని వేరే కుండ ఉండె. వండేది అబ్బ, మసాలా నూరేది అవ్వ. అవ్వ వాకిట్లో కూర్చుని దూరం నుంచే వాసన చూసి "ఉప్పు చాల్లేదు, ఇంకొంచెం వేయండి" అంటాండె. ఎప్పుడూ తప్పలే. పచ్చి మాంసం కూర సంగతి నేను విడిగా రాయను, ఎవరి ఇంట్లో వాళ్లకు తెలిసిందే. మాకు ముఖ్యమైంది ఆ రోజు పోగులో నుంచి పక్కకు తీసిపెట్టే మెత్తటి కండ.

తునకలు ఎండబెట్టేది

కొందరు వట్టి తునకలు అంటారు, కొందరు ఎండు కండ అంటారు. మా ఇంట్లో తునకలు అంటే చాలు. అబ్బకు కుందేలు పడితే ఒక పూటకు సరి. అడవిపంది పడితే వారం రోజులు దాచాల. ఫ్రిజ్జు ఎక్కడిది? అందుకే ఈ పని.

కిలో కండ తీసుకోండి. తొడ కండ మంచిది. తెల్లగా కనపడే కొవ్వునంతా కత్తితో గీకి తీసేయండి. ఈ ఒక్క దగ్గర బద్ధకిస్తే మొత్తం పోతాది. కండ ఎండుతాది, కొవ్వు ఎండదు. పది రోజులకు మక్కు వాసన వస్తాది. కడగాలనుకుంటే కోయకముందే కడిగి, గుడ్డతో ఒత్తి, తడి లేకుండా చేసుకోండి. కోసినాక కడిగితే నీళ్లు పీల్చుకుంటాది.

కోత పొడుగ్గా ఉండాల. కండలో నార ఏ దిక్కుకు పోతాందో చూసుకుని ఆ దిక్కుకే కోయండి, చిటికెన వేలంత మందంలో, జానెడు పొడుగు. అడ్డంగా కోస్తే ఎండినాక తెగి పడిపోతాయి. మా అబ్బ కండను చేతిలో తిప్పుకుంటా, చుట్టిన తాడును విప్పినట్టు ఒకే పొడవు తునక తీస్తాండె. నాకు అది రాలేదు. మీకూ రాకపోతే బాధ పడొద్దండి.

కిలోకు 50 గ్రాముల ఉప్పు. కల్లుప్పును దంచుకుని మూడు పెద్ద స్పూన్లు తలగొట్టి వేస్తే సరిగ్గా అంతే. ఒక చిన్న స్పూను పసుపు, రెండు చిన్న స్పూన్ల కారం. అల్లం తెల్లగడ్డ వేసేటోళ్లు ఉన్నారు. నేను వేయను, ఆ తడికి ఎండటం ఆలస్యమవుతాది. ఉప్పు తగ్గిస్తే ఆరోగ్యం కదా అని మా కోడలు ఒకసారి సగమే వేసింది. ఉప్పు ఇక్కడ రుచికి కాదు, కాపలాకు. తగ్గించొద్దు. ఉప్పు పట్టించి నాలుగు గంటలు మూతపెట్టి పక్కన పెడితే అడుగున నీళ్లు ఊరతాయి. ఆ నీళ్లు పారబోసి తునకలను దండేనికి వేయండి. ఒకదానికొకటి తగలకూడదు. ఇనుప తీగ వద్దు, తుప్పు అంటుతాది. నైలాన్ తాడు గానీ సన్న వెదురు గానీ మేలు.

ఎండ మాకు కొదవ లేదు. పార్వేట మా ఊరికి వచ్చేసరికి మాఘం ఎండ మొదలయింటాది. మూడు రోజులు చాలు. ఏప్రిల్, మే నెలల్లో అయితే రెండు రోజులకే కట్టెలు అయిపోతాయి. పొద్దున మంచు ఆరినాక ఎనిమిదికి వేసి, సాయంత్రం ఐదుకు లోపలికి తెచ్చుకోండి. రాత్రి బయట వదిలితే మంచుకు మళ్లీ తడి పట్టుకుంటాది. పైన పలచటి నూలు గుడ్డ, పాత దోమతెర అయినా సరే, కప్పండి. ఈగ వాలిందంటే పురుగు ఖాయం.

నేను ఒకసారి అక్టోబరులో వేసినా. దసరాకు మాంసం మిగిలింది, పారేయబుద్ధి కాలే. రెండో రోజు మబ్బు, మూడో రోజు ముసురు. వంటింట్లో ఫ్యాను కింద ఎండుతాదిలే అనుకున్నా. నాలుగో రోజు పైన తెల్లగా బూజు. కడిగి వండొచ్చునా అని మా అమ్మను అడిగితే "కుక్క కూడా తినదు, పూడ్చిపెట్టు" అనింది. బూజు కనపడినా, లోపల మెత్తగా ఉన్నా, కుళ్లు వాసన వచ్చినా ఆలోచించకుండా పారేయండి. వానల్లో, మబ్బుల్లో ఈ పని పెట్టుకోనే కూడదు.

ఎండినాయా లేదా అనేది తునకను విరిచి చూడండి. ఎండు పుల్ల మాదిరి టక్కున విరగాల. వంగితే ఇంకో రోజు. విరిగిన చోట లోపల ఎర్రగా మెరుస్తుంటే ఇంకో రోజు. కిలో తూకం మూడో వంతుకు దిగుతాది. ఎంత తక్కువైందో చూసి మా తమ్ముడు ఎప్పుడూ "కాకులు ఎత్తకపోయినాయి" అంటాడు.

కాపలా

కాకులంటే గుర్తొచ్చింది. ఆ మూడు రోజులు దండెం కాడ కాపలా పిల్లోల్లది. అబ్బ నాకు వేట విద్య నేర్పిందంటే ఇక్కడే. వేప చెట్టు కింద మంచం వేసుకుని, చేతిలో పొడుగాటి కట్టె ఇచ్చి కూర్చోబెడతాండె. "అమ్మీ, కాకిని చూడొద్దు, దాని నీడను చూడు" అంటాండె. కాకి ఎప్పుడూ ఎండకు అడ్డంగానే వస్తాది, కండ్లు చెదిరి మనకు కనపడదు. నేల మీద నీడ ముందే వస్తాది. గద్ద అయితే నీడ తిరుగుతాది, కాకి అయితే నీడ జరుగుతాది. పిల్లి గాలికి ఎదురుగా వస్తాది, ఎందుకంటే వాసన దానికి అటునుంచే అందుతాది. అందుకని కూర్చునేటప్పుడు గాలి ఎటునుంచి ఎటు పోతాందో చూసుకో, పిల్లి వచ్చే దిక్కుకు మొగం పెట్టుకో అని.

ఇప్పుడు మా తమ్ముని కొడుకు కూర్చుంటాడు. చేతిలో ఫోను ఉంటే నీడలు ఎక్కడ చూస్తాడు? ఫోను తీసి కట్టె ఇచ్చినా. మొదటి రోజు రెండు తునకలు పోయినాయి. "పోనీలే అత్తా, రెండే కదా" అన్నాడు. ఆ రెండూ వాని పాలులో తగ్గించినా. రెండో రోజు ఒకటి కూడా పోలే.

తెల్లారుజామున దండెం వేయకముందు వాన్ని కొండ కిందికి నడిపిస్తా. కంది చేను గట్టు మీద కుందేలు అడుగులు చూపిస్తా. ముందర రెండు చిన్నవి ఒకదాని వెనక ఒకటి, వాటికి ముందు పెద్దవి రెండు పక్కపక్కన. వెనక కాళ్లు ముందుకు పడతాయి. పట్టుకునేది లేదు, చూసి వచ్చేయడమే. కౌజు కూతకు ఆగి వింటాం. వాడు ఫోన్లో ఆ కూత రికార్డు చేసుకున్నాడు. దానికి నేను అడ్డం చెప్పలే.

ఈ చూపు, ఈ చెవి ఊరోల్లకు ఊరికే రాలేదని చెప్పడానికి వానికి కలివికోడి కథ చెప్తా. 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, జాతే పోయిందనుకున్న పిట్ట. 1986లో కడప జిల్లా రెడ్డిపల్లె కాడ దొరికింది. దాన్ని పట్టింది రాత్రిపూట లైటు పెట్టుకుని పిట్టలు పట్టే ఆ ఊరి మనిషే. బొంబాయి నుంచి వచ్చిన పక్షుల సార్లు వెతుకుతాంటే, ఆయన కలివి పొదల్లో నుంచి పట్టి చూపించినాడు. తర్వాత ఆ పక్క లంకమల అడవిని అభయారణ్యం చేసినారు. ఆ పిట్ట కోసం తెలుగుగంగ కాలవ దారి కూడా మార్చినారు. అది విని మా వాడు "అయితే మన అబ్బ కూడా సైంటిస్టే కదా అత్తా" అన్నాడు. అబ్బ కొట్టి తిన్న కౌజుల లెక్క వానికి ఇంకా చెప్పలే.

తునకల పులుసు

తునకలు పార్వేటకు ఎండితే, చింతచిగురు వేసవికి వస్తాది. ఆ నడుమ రెండు నెలలు డబ్బా ముట్టనీయం. అవ్వ డబ్బాను ఉట్టి మీద పెట్టేసి, చిగురు వచ్చినప్పుడే దించుతాండె.

నలుగురికి 150 గ్రాముల తునకలు తీసుకోండి. ముందు కాల్చాల. కట్టెల పొయ్యి ఉంటే నిప్పుల మీద, లేకపోతే గ్యాసు మంట మీద పట్టకారుతో పట్టుకుని, అంచులు బొబ్బలెక్కి వాసన వచ్చేదాకా. ఈ వాసనకే మా పక్కింటోళ్లు గిన్నె పట్టుకుని వస్తారు. కాల్చినాక రోట్లో వేసి గుండ్రాయితో నాలుగు దెబ్బలు కొట్టండి. పొడి కాకూడదు, నార విడిపోవాల. తర్వాత వేడినీళ్లలో అరగంట నానబెట్టి, ఆ నీళ్లు పారబోయండి. ఉప్పంతా అందులోనే పోతాది. ఆ నీళ్లు కూరలో పోసి, ఇంకా ఉప్పు వేసి, చుట్టాల ముందు తలొంచుకున్నోళ్లు నాకు తెలుసు. నేనే.

నానిన తునకలను కొత్త నీళ్లలో కుక్కర్లో ఆరు విజిళ్లు రానీయండి. కుండలో అయితే గంటన్నర. ఈలోపల మసాలా. ఆరు ఎండుమిరపకాయలు, రెండు స్పూన్ల ధనియాలు, అర స్పూను జీలకర్ర, మూడు లవంగాలు, చిన్న చెక్క ముక్క నూనె లేకుండా వేయించి, దించే ముందు ఒక స్పూను గసాలు వేసి చిటపటమనిపించండి. రెండు వేళ్లంత ఎండుటెంకాయ, ఒక తెల్లగడ్డ, బొటనవేలంత అల్లం చేర్చి నూరుకోండి. మిక్సీ పట్టినా ఏమీ కాదు. రోట్లో నూరితేనే రుచి అనేటోళ్లు ఒకసారి నూరి చూడాల.

గిన్నెలో మూడు స్పూన్ల బుడ్డల (వేరుశనగ) నూనె. సన్నగా తరిగిన రెండు ఎర్రగడ్డలు, నాలుగు పచ్చిమిరపకాయలు, కరేపాకు. ఎర్రగడ్డ ఎర్రబడినాక మసాలా వేసి నూనె తేలేదాకా వేయించి, ఉడికిన తునకలు, వాటి నీళ్లతో సహా పోసేయండి. ఈ నీళ్లు పారేయొద్దు, నానబెట్టిన నీళ్లే పారేసేది. పది నిమిషాలు మరగాల. చివర చింతచిగురు, నాలుగు పిడికిళ్లు. పుల్లలు ఏరి, రెండు అరచేతుల నడుమ నలిపి వేయండి. నలిపితేనే పులుపు దిగుతాది. ఐదు నిమిషాలకు దించేయాల, ఎక్కువ ఉడికితే చిగురు నల్లబడి చేదెక్కుతాది. ఉప్పు ఇప్పుడు, రుచి చూసుకుని. చాలాసార్లు అవసరమే పడదు.

చిగురు దొరకని కాలంలో గోంగూరో, నిమ్మకాయంత చింతపండో. అనపగింజలతో కూడా వండుతాం, అప్పుడు పులుపు సగం తగ్గించాల. వంకాయతో బాగుంటాదని మా వదిన అంటాది. నాకు నచ్చలే. వంకాయ మెత్తగా నీరుగారి తునకను కూడా చల్లబరుస్తాది.

పక్కన రాగిసంగటి. ఒక గ్లాసు బియ్యానికి ఐదు గ్లాసుల నీళ్లు, మెత్తగా ఉడికినాక గ్లాసున్నర రాగిపిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి పది నిమిషాలు సన్నమంట. ఆ తర్వాత దించి కట్టెతో గెలకాల. తడి చేత్తో తాకితే అంటుకోకపోతే అయినట్టు. ముద్దకు నడుమ గుంత చేసి పులుసు పోసుకోండి. నమలొద్దు, మింగండి. నమిలేది తునకనే.

మిగిలిన తునకలు గాజు సీసాలో పోసి, నెలకొకసారి ఎండలో పెట్టుకుంటే ఆరు నెలలు ఉంటాయి. మా ఇంట్లో అన్ని రోజులు మిగల్లేదు గానీ ఉంటాయి. వానాకాలం వస్తే మాత్రం సీసాను ఫ్రిజ్జులో పెట్టేయండి. మూత మీద ఎండబెట్టిన తేది రాసి చీటీ అంటించండి. అవ్వ ఎప్పుడూ రాయలే. మూత తీసి ఒకసారి వాసన చూసి, ఇది పార్వేటది, ఇది ఉగాదిది అని చెప్తాండె.